కనిపించిన రంగు

రైలు డ్రైవరు సిగ్నల్ రంగు చూసి పైకి చెప్పాలన్నది నియమం. ఇరవయ్యేళ్లుగా బండి నడుపుతున్న ఒక డ్రైవరు మొన్నామధ్య మలుపు దగ్గర, రోజూ ఉండేదే కదా అని, దీపం కనిపించకముందే "పచ్చ" అనేశాడు. తీరా చూస్తే ఎరుపు. బండి సిగ్నల్‌కి బెత్తెడు దూరంలో ఆగింది గానీ ఆయన గుండెదడ ఆగలేదు.

ఈ రోజు ఇన్‌స్పెక్టరు పక్కనే నిలబడి చూస్తాడు. తడబడితే ఇక ఇంజనెక్కనివ్వరు.

"ఆ మలుపు తలుచుకుంటే ప్రాణం పోయేలా ఉందమ్మా" అన్నాడు క్రితం వారం, ధ్యానంతో వైద్యం చేసే డాక్టరమ్మతో.

"అది మీ ఊహండీ. ఇప్పుడు ఒంట్లో ఏముందో అదొక్కటే చెప్పండి."

ఊహించొద్దు, ఉన్నదే చెప్పాలి: కొత్త డ్రైవర్లకు తను నేర్పే పాఠమే అది. ఆయనకు సిగ్గేసింది.

ఇప్పుడు మళ్లీ ఆ మలుపు దగ్గరపడింది. నోరెండిపోయింది.

"అరచేతుల్లో చెమట. ఛాతీ బిగుసుకుంది" అన్నాడు పైకే.

"ఏంటయ్యా, నాకు రిపోర్టిస్తున్నావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కాదు సార్, నాకే."

పచ్చ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి, దీపం కనిపించేదాకా ఆగాడు.

"పసుపు" అన్నాడు. వేగం తగ్గించడానికి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లింది.