సొరంగం నుంచి మొదలుపెట్టమన్నది నేనే

ఆల్బనీ వెళ్ళే బస్సులో కిటికీ సీటు ఎప్పుడూ ఆమెదే. అలా ఉండాలని మేమేమీ అనుకోలేదు. బస్సు ఆగగానే ఆమె ముందు ఎక్కేది, డ్రైవరుకి నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పేది, వెళ్ళి కిటికీ పక్కన కూర్చునేది. నేను వెనకాలే కార్డు తాకించి, తల దించుకుని వెళ్ళి ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఆక్లండ్‌లో మేముండే మౌంట్ రాస్కిల్ నుంచి సిటీకి ఒక బస్సు, అక్కడి నుంచి హార్బర్ బ్రిడ్జి దాటి ఆల్బనీ క్యాంపస్‌కి ఇంకో బస్సు. రెండింటిలోనూ ఇదే వరస.

ఆమెది విజయవాడ, నాది కాజీపేట. ఇద్దరం జంక్షన్ల పిల్లలమేనని పరిచయమైన రోజే ఆమె కనిపెట్టింది. అప్పటి నుంచి నేను ఆమెకు ‘కాజీపేట’, ఆమె నాకు ‘బెజవాడ’. ఒక హైదరాబాద్ ఆంటీ ఇంటి వెనక ఉన్న చిన్న ఫ్లాట్‌లో కలిసి ఉండేవాళ్ళం. చదివేదీ ఒకటే కోర్సు, సరుకు రవాణా మీద. మార్కులు నాకే రెండు ఎక్కువ వచ్చేవి. కానీ లెక్చరరుకు, లైబ్రరీ కౌంటర్లో ఆవిడకు, చివరికి బస్సు డ్రైవరుకు కూడా గుర్తుండేది ఆమే.

ఆంటీ అయితే దాచుకునేవారు కాదు. కూర గిన్నె ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి నాకు చెప్పేవారు: “చూడమ్మా, ఆ పిల్ల ఎట్ల గలగలా మాట్లాడ్తదో. నువ్వు గూడ జర నోరు తెరువు. ఈ దేశంల మాట్లాడకపోతే నువ్వున్నవని ఎవరికి తెలుస్తది?”

“తెరుస్తా ఆంటీ” అనేదాన్ని, దాదాపు నోరు తెరవకుండానే.

స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ కొండల కింద కొత్త రైలు సొరంగం తెరిచిన మరుసటి ఏడాది అది. మా లెక్చరరు దాని గురించి మాట్లాడుతుంటే పండగ కబుర్లు చెబుతున్నట్టు ఉండేది. ఉత్తరాన హాలండ్‌లోని రోటర్‌డామ్ రేవు నుంచి జర్మనీ, స్విట్జర్లాండ్ మీదుగా దక్షిణాన ఇటలీలోని జెనోవా రేవు దాకా ఒకే సరుకు రైలు మార్గంగా నడపాలని నాలుగు దేశాలు కూర్చుని మాట్లాడుకుంటున్నాయని చెప్పారు. పట్టాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. లేనిది పొత్తు. ఒక్కో దేశానికి ఒక్కో టైంటేబుల్. సరిహద్దు దాటితే డ్రైవరు మారాలి, ఎందుకంటే అవతలి భాష రావాలి. హాలండ్ కరెంటు వేరు, జర్మనీ కరెంటు వేరు, ఇటలీ కరెంటు ఇంకా వేరు. అన్నింటినీ మించి, ప్రతి దేశానికీ తన ప్రయాణికుల రైలే ముందు. పక్క దేశం సరుకు బండి ఎంతసేపు నిలబడితే వాళ్ళకేం?

ఇది వింటుంటే నాకు మా రైల్వే క్వార్టర్స్ గుర్తొచ్చాయి. మా ఇంటి ఎదురుగా లూప్ లైన్లో గూడ్సు బండి గంటల తరబడి నిలబడి ఉండేది. పక్క పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌లు దుమ్ము లేపుకుంటూ పోయేవి. రైల్వేకి నాలుగు రాళ్ళు సంపాదించి పెట్టేది గూడ్సే అని నాన్న అనేవారు. అయినా ఆగేది అదే. ఈ సంగతి క్లాసులో చెప్పాలనుకున్నాను. ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునేలోపు గంట అయిపోయింది.

ఆ రోజే లెక్చరరు ఇంకో మాట చెప్పారు. వేసవిలో తనకు ఒక సహాయకుడు కావాలి. రేవు నుంచి సౌత్ ఆక్లండ్‌కి రైల్లో వచ్చే కంటైనర్ల మీద పరిశోధన. మాలో ఒక్కరినే తీసుకుంటారు. వచ్చే మూడు వారాలూ క్లాసులో ఈ యూరప్ మార్గాన్ని ఆటలా ఆడిస్తారు, దాన్ని చూసి నిర్ణయిస్తారు.

మాలాంటి వాళ్ళకు అది వేసవి పని మాత్రమే కాదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి దొరికే గడువు చిన్నది. చదివిన చదువుకు తగిన ఉద్యోగం దొరికితే ఉంటాం, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. అప్పటికి నేను వారాంతాల్లో సాండ్రింగమ్‌లో ఒక ఇండియన్ షాపులో బియ్యం బస్తాలు సర్దుతున్నాను. ఆ ఒక్క చోటు నాకు కావాలి. ఆమెకూ కావాలి. ఈ మాట మేమిద్దరం ఒకరితో ఒకరం అనుకోలేదు.

మొదటి వారం బల్లలన్నీ గోడకు జరిపి, నేల మీద పొడవాటి గోధుమరంగు కాగితం పరిచారు. ఒక చివర రోటర్‌డామ్, ఇంకో చివర జెనోవా. నాలుగు గుంపులు, నాలుగు దేశాలు. లెక్చరరు తన పిల్లల చెక్క రైలు తెచ్చారు. ఐదో గుంపు లారీల కంపెనీ. దానికి పెద్ద, చెప్పులు లేకుండా క్లాసుకొచ్చే ఒక కివీ అబ్బాయి. ఆమె జర్మనీలో పడింది. నేను స్విట్జర్లాండ్‌లో. మా మధ్య బాసెల్ సరిహద్దు.

ఎవరి టైంటేబుల్ వాళ్ళు వేసుకున్నాం. హాలండ్ రైలును చక్కగా పంపింది, జర్మనీ ఇంకా చక్కగా పంపింది. రైలు బాసెల్‌కి వచ్చేసరికి మా సొరంగంలో ఖాళీ లేదు. చెక్క రైలు అక్కడే కూర్చుంది. అటువైపు లారీల అబ్బాయి నోటితో హారన్ కొట్టుకుంటూ జెనోవా దాకా నాలుగు సార్లు తిరిగొచ్చాడు. అందరూ నవ్వారు.

సాయంత్రం బస్సులో ఆమె అద్దానికి తల ఆనించి అంది: “ఛ, ఆ లారీ వెధవ గెలిచాడే! మనం ఎక్కడ తప్పు చేశామంటావ్?”

నాకు మధ్యాహ్నం నుంచి అదే తిరుగుతోంది. బస్సులో తెలుగులో మాట్లాడటానికి నాకు ఏ భయమూ లేదు. ధారాళంగా వచ్చేసింది.

“అందరం రోటర్‌డామ్ నుంచి మొదలువెట్టినం, అదే తప్పు. సొరంగం నుంచి మొదలువెట్టాలె. అన్నిటికన్న ఇరుకు అదే గద. అక్కడ ఎప్పుడు ఖాళీ ఉందో ముందు చూసి, దానికి తగ్గట్టు అటు ఇటలీకి, ఇటు జర్మనీకి టైములు వేసుకుంట పోవాలె. నలుగురూ నాలుగు టైంటేబుళ్ళు గాదు, ఒక్కటే.”

“అబ్బ! ఇంకా?”

“ఇంకోటి. తొందరగా చేరుడు గాదు ముఖ్యం. మా షాపు ఓనర్ కంటైనర్ కోసం ఎదురుచూస్తడు గద, లేటైనా ఏమనడు. ఎప్పుడొస్తదో తెల్వకుంటెనే తిడ్తడు. ఎప్పుడొస్తదో తెలిస్తే ఎక్కువ సరుకు కొని గోదాంల పెట్టుకునే పని ఉండది. ఫ్యాక్టరీలకైనా అంతే.”

“నువ్వు మామూలుదానివి కాదే కాజీపేటా!” అని నా చెయ్యి గిల్లింది. నాకు సంతోషమైంది. తర్వాతి వారం క్లాసులో ఇవే మాటలు చెప్పాలని రోజూ వంటగదిలో గిన్నెలు కడుగుతూ ఇంగ్లీషులో లోలోపల చెప్పుకున్నాను.

రెండో వారం లెక్చరరు అడిగారు, ఏం మార్చాలి అని. అందరూ కింద కాగితం వైపే చూస్తున్నారు. నా మొదటి వాక్యం సిద్ధంగా ఉంది. ఊపిరి తీసుకున్నాను. అంతలో సరిహద్దు అవతలి నుంచి ఆమె గొంతు వినిపించింది. సొరంగం నుంచి మొదలుపెడదాం అంటోంది. ఒకటే టైంటేబుల్ అంటోంది. ఊరుకోకుండా, “సాండ్రింగమ్‌లో ఒక ఇండియన్ షాపును ఊహించుకోండి” అంది. ఆ షాపులో ఆమె ఒక్క బస్తా కూడా ఎత్తలేదు. పండక్కి స్వీట్లు కొనడానికి ఒకసారి వచ్చింది, అంతే.

అందరూ తలలూపారు. లారీల అబ్బాయి కూడా ఈల వేశాడు. అన్నిటికన్నా నన్ను దహించింది అది కాదు. అవే మాటలు నా నోట్లో ఉన్నప్పటికన్నా ఆమె నోట్లో బాగున్నాయి. లెక్చరరు అప్పటికప్పుడు మొత్తం మార్గానికి ఆమెను సమన్వయకర్తను చేసి, మెడలో ఒక పసుపు రిబ్బను వేశారు.

విరామంలో కాఫీ కప్పుతో నా దగ్గరకొచ్చింది. “నువ్వు చెప్తావేమో అని చూశానే. ఎంతకీ చెప్పట్లేదు. ఇంకెవరైనా చెప్పేస్తారేమోనని చెప్పేశా.”

“మంచిగ చెప్పినవ్” అన్నాను. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం రాసుకున్నాను: పసుపు రంగు ఆమెకు నప్పదు.

విరామం తర్వాత ఆట మళ్ళీ మొదలైంది. రిబ్బను వేసుకుని ఆమె నేరుగా మా స్విట్జర్లాండ్ దగ్గరకొచ్చింది. సొరంగంలో ఫలానా సమయానికి చోటు కావాలంది. ఆ సమయానికి మా ప్రయాణికుల రైలు ఉంది. మా గుంపులో ఒక పంజాబీ అబ్బాయి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మన ప్రయాణికులు ముందు, వాళ్ళ డబ్బాలు తర్వాత అన్నాడు. మిగతావాళ్ళూ అదే అన్నారు. రూలు మా వైపే ఉంది. ఆమె నన్ను చూసింది. ఎప్పుడూ నవ్వే ముఖం అప్పుడు నవ్వడం లేదు.

నేనేం చెయ్యనక్కర్లేదు. ఎప్పటిలాగే ఊరికే ఉంటే చాలు. చెక్క రైలు బాసెల్ దగ్గర నిలబడిపోతుంది, పసుపు రిబ్బను పరువు పోతుంది. ఆ బొమ్మను నేను మనసులో కొన్ని క్షణాలు హాయిగా చూసుకున్నాను కూడా.

తర్వాత కింద కాగితం మీద ఆ రైలును చూశాను. ఇంజనుకి ఎర్ర రంగు పెచ్చులూడింది. వెనక మూడు పెట్టెలు. సొరంగం నుంచి లెక్కవేసి, నేను చెప్పినట్టే, సరిగ్గా ఆ సమయానికి వచ్చి ఆగి ఉంది. నడిపిస్తున్నది ఎవరైనా కానీ, అది నా రైలు. నా రైలు లూప్ లైన్లో నిలబడటం నేను చూడలేకపోయాను.

“మన ప్రయాణికుల రైలు టైమును కాస్త వెనక్కి జరుపుదాం” అన్నాను, ఇంగ్లీషులో, గట్టిగా. పెన్సిలు తీసి టైంటేబుల్ మీద గీత కొట్టాను. పంజాబీ అబ్బాయి, “నువ్వు మాట్లాడతావా!” అన్నట్టు నన్ను చూసి చేతులు విప్పాడు.

రైలు జెనోవా చేరింది. చప్పట్లు కొట్టారు. ఆమెకు.

మూడో వారం ఆట లేదు, చర్చ. ముందే ఇచ్చిన ప్రశ్న ఒకటి: సరుకు పుట్టేది స్విట్జర్లాండ్‌లో కాదు, చాలావరకు దిగేది అక్కడ కాదు. మరి కొండ కింద సొరంగానికి వాళ్ళు తమ డబ్బు ఎందుకు పెట్టారు? ముందు రోజు బస్సులో ఆమె మామూలుగా నా వైపు తిరిగింది.

“చెప్పవే, రేపటి దానికి ఏమంటావ్?”

“నాకు తెలుసు.”

“తెలుసని తెలుసు. చెప్పు.”

“రేపు క్లాసుల నేనే చెప్త.”

“అబ్బో! స్విట్జర్లాండ్ గేటు వేసేసిందిరోయ్!” అని పకపకా నవ్వింది. ముందు సీటులో పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. నేను నవ్వలేదు.

మర్నాడు చెయ్యెత్తాను. గొంతు మధ్యలో ఒకసారి ఆగింది. “వాళ్ళు దారి ఇవ్వకపోయినా సరుకు ఆగదు” అన్నాను. “లారీల్లో వస్తుంది. వాళ్ళ లోయల్లోంచి, వాళ్ళ ఇళ్ళ ముందు నుంచి, పొగతో, చప్పుడుతో. అందుకే అక్కడి జనం ఓటు వేసి మరీ సరుకును పట్టాల మీదకు పంపమన్నారు. అది పక్కవాళ్ళ మీద ప్రేమతో చేసింది కాదు. అయినా దానివల్ల హాలండ్ రేవుకూ, ఇటలీ ఫ్యాక్టరీలకూ పని దొరుకుతుంది.” లెక్చరరు వెనక్కి తిరిగి, ‘ప్రేమతో కాదు’ అన్న ముక్క బోర్డు మీద రాసి, కింద గీత గీశారు.

మధ్యలో నా గొంతు ఆగినప్పుడు ఆమె అందిద్దామని నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. బోర్డు మీద గీత పడగానే ఆమె ముఖంలో ఏదో కదిలింది. అద్దంలో నేను రోజూ చూసుకునేదే. గుర్తుపట్టి, ఎంత తృప్తిపడ్డానో చెప్పలేను.

చోటు మాత్రం ఆమెకే వచ్చింది. రోజంతా యార్డుల్లో మనుషులతో మాట్లాడాల్సిన పని, దానికి ఆమే సరిపోతుంది అన్నారు లెక్చరరు. నా జవాబు చాలా బాగుందని కూడా అన్నారు. రెండోది ముందు చెప్పారు, మొదటిది తర్వాత.

తిరుగు బస్సు ఎక్కాం. పక్కన మోటార్‌వే మీద కార్లు కదలకుండా ఉన్నాయి. బస్సులకు వేరే రోడ్డు ఉంది కాబట్టి మేం వాటిని దాటుకుంటూ పోతున్నాం.

“కోపమా?” అంది ఆమె.

“కోపం గాదు. కుళ్ళు.”

“ఎంత?”

“గూడ్సు బండంత.”

“అమ్మో, అంత పొడుగా!” అని, నా వైపు తిరిగి, “నాకూ ఓ రెండు పెట్టెలంత ఉందిలేవే, ఇవాళ నువ్వు మాట్లాడుతుంటే” అంది.

ఆ వేసవంతా ఆమె యార్డులో వేసుకునే నారింజ రంగు కోటు మా ఫ్లాట్ తలుపు వెనక వేలాడింది. లోపలికీ బయటికీ వెళ్ళినప్పుడల్లా నా భుజానికి తగిలేది. ఆంటీ దాన్ని చూసి మురిసిపోయి ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా చూపించారు. నేను షాపులో బస్తాలు సర్ది వచ్చేసరికి ఆమె సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని అడిగేది: “రేపు వాళ్ళనేం అడగాలో చెప్పవే.” చెప్పేదాన్ని. చెప్పకుండా ఉండటం చేతకాలేదు.

ఒక్క ప్రశ్న మాత్రం చెప్పలేదు. ఇక్కడ కూడా, యూరప్‌లో లాగా, మా కాజీపేటలో లాగా, ప్రయాణికుల రైళ్ళకు దారి ఇచ్చి సరుకు రైలు నిలబడుతుంది కదా. అలా నిలబడిన సేపు ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుంది? షాపులో బియ్యం బస్తా మీద ధర చీటీ అంటిస్తుంటే తట్టిన ప్రశ్న. దాన్ని ఆ వేసవంతా నాలోనే దాచుకున్నాను. సెమిస్టర్ మొదలయ్యాక ఆ ఒక్క దాని మీదే నా చివరి ప్రాజెక్టు రాశాను.

ఇచ్చే ముందు బస్సులో ఆమెకు చదవమని ఇచ్చాను. బ్రిడ్జి దాటేదాకా చదివింది. తర్వాత కాగితాలు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

“ఇది నాకెందుకు చెప్పలేదే?”

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. ఆ రోజు బస్సు ఆమెకన్నా ముందు నేనే ఎక్కాను.