దక్షిణామూర్తి గారి డిస్కు

తెనాలిలో మా ఎదురింటి దక్షిణామూర్తి గారికి కంప్యూటరుని నడిపే లినక్సు డిస్కులు తయారుచేయడం తెలుసు. ఇవ్వడమే తెలియదు. కొత్త కంప్యూటరు కొని ఆయన గడప తొక్కినవాళ్ళు, అది పాతబడ్డాకే డిస్కుతో బయటికి వస్తారు.

బాపట్లలో ఇంజనీరింగు చదివే మా ఉషశ్రీకి కొత్త కంప్యూటరు కొన్నాం. లినక్సు ఎక్కిస్తే గాని అది పనిచెయ్యదు. సోమవారం దానిమీదే ప్రాజెక్టు చూపించాలి. వేరే దారిలేక ఎదురింటికి వెళ్ళాను.

"ఏ లినక్సు కావాలి?" అన్నారు.

"ఏదో ఒకటి, బాబాయిగారూ."

"ఏదో ఒకటేంటయ్యా? ఎవరో ఒకరని పెళ్ళి చేసుకున్నావా నువ్వు?"

నిజానికి అలాగే చేసుకున్నాను. చెప్పలేదు.

లినక్సు రకాల్లో ఉబుంటు అందరిళ్ళల్లోనూ ఉంది కాబట్టి వద్దన్నారు. మింటు పేరు పిప్పరమెంటు బిళ్ళలా ఉందన్నారు. డెబియన్ పెద్దమనిషి, చిన్నపిల్లకెందుకన్నారు. ప్రతిదాన్నీ డౌన్‌లోడు చెయ్యడం, డిస్కు మీదికి ఎక్కించడం, పక్కన పడెయ్యడం.

"పోనీ పెన్‌డ్రైవులో ఇవ్వండి."

"పలక మీద రాసి శుభలేఖలు పంచుతారుటయ్యా?"

డౌన్‌లోడైన ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో తెలియడానికి అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన బారెడు వరస ఒకటి ఆ లినక్సు తయారుచేసినవాళ్ళే ఇస్తారు. మన ఫైలు చూపించే వరస దానితో కలవాలి. దక్షిణామూర్తి గారు దాన్ని వేదం వల్లించినట్టు పైకి చదువుతారు. ఎదురుగా ఆయన భార్య వెంకటరమణమ్మ గారు కాగితం పట్టుకుని సరిచూస్తారు. ఆవిడ రేపల్లెలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. కిందటేడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆయన అన్న ప్రతి అక్షరాన్నీ కష్టం మీద తిరిగి పలుకుతారు.

"ఏడు... ఎఫ్... తొమ్మిది..."

"ఆ...రు," అన్నారావిడ.

"అయ్యో, తప్పు చదివానా! అయితే మళ్ళీ మొదటినుంచి."

ప్రతి డిస్కుకీ తప్పు చదువుతారు. ప్రతి తప్పుకీ మొదటికి వెళతారు. నేను రోజూ వెళ్ళి గోడకి జారబడి, ఇంత తెలిసిన మనిషికి కళ్ళజోడు మార్చుకోవడం ఎందుకు తెలియదో అనుకునేవాణ్ణి.

శనివారం ఉషశ్రీ విసుక్కుంది. "ఒక్క కమాండు కొడితే కంప్యూటరే సరిచూస్తుంది నాన్నా. తాతగారికి తెలీదా?"

ఆదివారం పొద్దున్నే వెళ్ళి అడిగేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చారు.

"మెల్లగా అనవయ్యా! ఆ కమాండు నేను ముందే కొడతాను. అక్షరాలు పైకి పలికించమన్నాడు డాక్టరు. చిన్నపిల్లల పుస్తకం చేతికిస్తే మీ పిన్ని కిటికీలోంచి విసిరేసింది. హెడ్మిస్ట్రెస్ కదూ! ఎదుటివాడు తప్పు చదివితే మాత్రం ఊరుకోలేదు."

"మరి ఏ డిస్కూ నచ్చకపోవడం?"

"నచ్చితే నీకిచ్చెయ్యాలిగా! ఇంకో డిస్కయితే ఇంకో కొత్త వరస."

సోమవారం మాత్రం ఆగదు. లోపలికి వెళ్ళి కూర్చున్నాం. చదువు మొదలైంది. సగంలో ఆయన మళ్ళీ తప్పారు. ఈసారి ఆవిడ సరిదిద్దలేదు. కాగితం ఒళ్ళో పెట్టుకుని నావైపు చూశారు. నా ముఖంలో ఏం కనిపించిందో, ఆయనవైపు తిరిగి, ఒక్కొక్క మాటే కూడదీసుకున్నారు.

"చాలు... ఆ పిల్లకి... ఇచ్చెయ్యండి."

కిందటేటి నుంచి ఆవిడ నోట రెండు మాటలు కలిపి వినపడలేదు. ఆయన డిస్కు తీసి, చొక్కా అంచుతో తుడిచి, నా చేతిలో పెట్టారు.

"అలాగేనండి, టీచరుగారూ" అన్నారు, ఆవిడవైపే చూస్తూ.

సోమవారం ఉషశ్రీ ప్రాజెక్టు గట్టెక్కింది. ఆ వారమే మా బావమరిది కౌండిన్య ఫోను చేశాడు. కొత్త కంప్యూటరు కొన్నాడట. ఎదురింటాయన దగ్గరికి రమ్మన్నాను.

"తొందరగా అయిపోతుందా బావా?"

"అవదు. టిఫిన్ చేసి రా."