కొబ్బరినీళ్ళూ, పెట్ స్కానూ

అమలాపురం కాలేజీలో ఫిజిక్సు చెప్పినన్నాళ్ళూ, ద్రవ్యరాశి శక్తిగా మారుతుందని నేను అనడమే తడవు, వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు లేచేవారు. "రుజువేదండీ మాస్టారూ?" నాకు చిర్రెత్తుకొచ్చేది. బోర్డు నిండా సమీకరణాలు రాసి పడేసేవాణ్ణి. అది లెక్కే గానీ రుజువు కాదని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

రుజువు చివరికి మా ఆవిడ ఒంట్లోంచి వచ్చింది.

మెడలో గడ్డకి క్యాన్సరు వైద్యం అయ్యాక, ఇంకేమైనా మిగిలిందేమో చూడటానికి పెట్ స్కాన్ తీయించమన్నారు. పరగడుపున రమ్మన్నారు. రాజమండ్రి వెళ్ళేం. వేలు గుచ్చి చూసిన అమ్మాయి, "షుగరెక్కువుందండీ. ఏమైనా తిన్నారా?" అంది.

"అబ్బే, ఏం తిన్లేదండీ. మా అమ్మ ఇస్తే రెండు బొండాలు తాగేనంతే," అంది మా ఆవిడ.

మా కోనసీమలో బొండం తాగితే తిన్నట్టు లెక్క కాదు. ఉపవాసమున్నవాళ్ళు కూడా తాగుతారు. ఇంకో రోజు రమ్మని పంపేశారు. నాకు ఒళ్ళు మండిపోయి, రావులపాలెం దాకా మా అత్తగారిని తిడుతూనే ఉన్నాను. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు కోపం రాలేదు, భయమే. ఎక్కించబోయే మందు గురించి చెప్పాను. "అది చక్కెరలాంటిదే. గడ్డ మిగిలుంటే దాన్ని ఆబగా లాక్కుని బొమ్మలో వెలుగుతుంది, రక్తంలో ముందే చక్కెరెక్కువుంటే సరిగ్గా లాక్కోదు. అందులోంచి వచ్చే చిన్న కణం నీ ఒంట్లో ఎలక్ట్రాన్‌ని కలవగానే రెండూ మాయమైపోతాయి. వాటి ద్రవ్యరాశికి సరిగ్గా సరిపోయేంత శక్తి, రెండు కిరణాలై చెరో వైపుకీ పోతుంది. మెషీను పట్టుకునేది వాటినే."

"అయితే మీ పిల్లలడిగే రుజువు నేనేనన్నమాట," అని నవ్వింది.

డాక్టరుగారు బొమ్మ చూపించారు. మెదడు మామూలుగానే వెలుగుతోంది. మెడ దగ్గర ఏ వెలుగూ లేదు. "ఏమీ కనబడటం లేదండీ. కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దాం," అన్నారు.

బయటికొచ్చి కూర్చున్నాక మా ఆవిడ అడిగింది. "అంటే, లేనట్టేనాండీ?"

కనబడకపోవడం, లేకపోవడానికి రుజువు కాదు. ఆ మెషీనుకి అందనంత చిన్నది ఎక్కడైనా ఉండొచ్చు. పిల్లలెవరైనా 'కనబడలేదు కాబట్టి లేదు' అని రాస్తే మార్కులు కోసేసేవాణ్ణి. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"లేనట్టే," అన్నాను.

ఆవిడ నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"మీకు అబద్ధమాడటం చాతకాదండీ. అయినా ఇంకోసారి చెప్పండి, వింటాను."


"లేనట్టేనే," అన్నాను.