ఆరాక కనిపించిన పాదాలు

ఎవరైనా దెయ్యాన్ని చూశామనో, దేవత కనిపించిందనో చెబితే, ముందురోజు నిద్ర సరిగా పట్టిందా అని అడిగే రకం నేను. ఒడిశాలోని బరంపురంలో ఒక ఆడపిల్లల బళ్లో సైన్సు చెబుతున్నాను. పిల్లలు ఏ వింత పట్టుకొచ్చినా కారణం వెతికి చూపించడమే నా ఉద్యోగం. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ "దేవుడెదురొచ్చినా ఇది ఆధార్ కార్డు అడుగుద్ది" అని నన్ను ఆటపట్టించేవారు. ఆవిడ అన్నది నిజమే.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు తటపటాయించాను. నేను కళ్లారా చూసిందే రాస్తున్నాను. పట్టపగలు, బోలెడంత మంది పిల్లల మధ్య నిలబడి చూసింది.

మా బడి హల్దియాపదర్ వైపు ఉంటుంది. దానికి చిన్న హాస్టలు ఉంది, దాని బాధ్యత కూడా నాదే. కొడల నుంచి, ఛత్రపురం నుంచి, సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి, ఆంధ్రా సరిహద్దు పల్లెల నుంచి పిల్లలు వచ్చి ఉంటారు. సగం మంది ఒడియా పిల్లలు, సగం మంది తెలుగు పిల్లలు. ఎవరి భాష వాళ్లదే అయినా తిట్టుకోవడానికి రెండూ వాడతారు. టీచర్లందరినీ దీదీ అంటారు. పొద్దున ప్రార్థన, వంతులవారీగా ఊడవడం, సాయంత్రం ఖో-ఖో, అద్దం దగ్గర తోపులాట, ఎవరి సబ్బు ఎవరు వాడారన్న పంచాయితీ. నా జీవితమంతా ఈ గోలలోనే గడిచిపోతోంది. నాకది ఇష్టమే.

మార్గశిర మాసం వస్తే గోల రెట్టింపవుతుంది. గురువారాన్ని మేము లక్ష్మివారం అంటాం. ఆ నెలలో ప్రతి లక్ష్మివారం తెలుగిళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ లక్ష్మీపూజ చేస్తారు. హాస్టల్లో అందరూ కలిసి చేస్తారు. పేచీ వచ్చేది ముగ్గు దగ్గరే. మన పిల్లలు పొడి పిండితో వేస్తారు. ఒడియా పిల్లలు బియ్యం నానబెట్టి రుబ్బి, పల్చగా కలిపి, తడి పిండితో వేస్తారు. దాన్ని ఝోటి అంటారు. మా హాస్టల్లో ఝోటిదే పైచేయి.

ఝోటిలో ముఖ్యమైనవి లక్ష్మీదేవి పాదాలు. గేటు నుంచి పూజగది దాకా అమ్మవారు నడిచి వచ్చినట్టు వేయాలి. పిడికిలి బిగించి పిండిలో అద్ది, చిటికెన వేలు వైపు నేలకు ఆనిస్తే పాదం పడుతుంది. పైన వేలి కొసతో చుక్కలు పెడితే అవి కాలి వేళ్లు. తడి మీద కాలు పడకూడదు కాబట్టి పూజగది దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ గేటు దాకా రావాలి. కొత్తవాళ్లు తెలియక గేటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరిగితే, అలవాటుకొద్దీ వేళ్లు తమ ఎదురుగా, అంటే గేటు వైపు పెట్టేస్తారు. అప్పుడు లక్ష్మి ఇంట్లోంచి బయటికి పోతున్నట్టు అవుతుంది. దానికి మించిన అపశకునం లేదని ఇక్కడి వాళ్ల నమ్మకం.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా వరండా ఎర్రటి గచ్చు. పల్చటి పిండి తడిగా ఉన్నంతసేపు దాని మీద నీళ్లు చల్లినట్టే ఉంటుంది. ఆరాకే తెల్లగా తేలుతుంది. తప్పు వేసినా ఆరేదాకా ఎవరికీ తెలియదు.

ఆ ఏడు హాస్టల్లో సింహాచలం అనే పిల్ల కొత్తగా చేరింది. అందరూ సింహాలు అని పిలిచేవాళ్లు. మార్కండిలో చేపలు పట్టే వాళ్ల పిల్ల. ఎనిమిదో తరగతి. ఇంటి మీద బెంగ పెట్టుకుని, బాత్రూంలో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేది. తెలివైన పిల్ల. నేను బోర్డు మీద ప్రశ్న రాయడం పూర్తికాకముందే జవాబు రాసేసేది. వాళ్ల ఇంట్లో హైస్కూలు గుమ్మం తొక్కింది తనే మొదలు. ఎలాగైనా దీన్ని పదో తరగతి దాటించాలని నేను మనసులో గట్టిగా అనుకున్నాను.

మొదటి లక్ష్మివారం పొద్దున్నే పిల్లలు ఝోటి వేశారు. సింహాలుకు డార్మిటరీ గుమ్మం ముందు తీగలు వేసే పని ఇచ్చారు. స్నానాలు చేసి వచ్చేసరికి వరండాలోకి ఎండ వచ్చింది, నేల ఆరింది. గేటు నుంచి పూజగదికి వెళ్లే పాదాలు చక్కగా తేలాయి.

వాటితో పాటు ఇంకో వరస కూడా తేలింది. డార్మిటరీ గుమ్మంలోంచి బయలుదేరి, వరండా దాటి, మెట్లు దిగి ముంగిట్లో ఆగింది. బుజ్జి పాదాలు. వేళ్లన్నీ బయటివైపే.

మొదట అరిచింది లిప్సా. తొమ్మిదో తరగతి ఒడియా పిల్ల, మనిషి మంచిదే కానీ నోరు మాత్రం మైకు. "లక్ష్మీ చాలిగలే" అంది, అంటే లక్ష్మి వెళ్లిపోయిందని. ఇంకేముంది, గుమ్మం దగ్గర కూర్చున్నదెవరు, కొత్తదెవరు అని వెతికారు. అందరి చూపూ సింహాలు మీదే పడింది.

"నానెయ్యలేదు దీదీ. తీగలేసి నెగిసిపోనాను. నాకా పాదాలెయ్యడమే రాదు" అంది. అందరి ముందూ ఏడవలేదు.

నేను నవ్వేసి, తడిగుడ్డతో ఆ వరస తుడిచేశాను. కానీ నా నవ్వుతో వాళ్ల భయం పోలేదు. ఆ పూట నుంచి అన్నం దగ్గర సింహాలు పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎవరికి జ్వరం వచ్చినా, కుళాయిలో నీళ్లు రాకపోయినా ఆ పిల్ల వైపే చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

సరే, పరీక్ష పెట్టి తేలుద్దాం అనుకున్నాను. పిండి కలిపి, పాత పేపర్లు పరిచి, అందరి చేతా పిడికిలి ముద్రలు వేయించాను. పిల్లలకు అదో ఆటయింది. ఫలితం చూశాక ఆటలో సరదా పోయింది. తుడిచే ముందు ఫోన్లో తీసిన ఫోటోలో, పక్కన కొలత తెలియడానికి నా పెన్ను పెట్టాను. ఆ పాదం అయిదారేళ్ల పిల్ల పిడికిలంత ఉంది. మా హాస్టల్లో అంత చిన్నపిల్లలే లేరు. సింహాలు పిడికిలి అయితే అందరికంటే పెద్దది, పుట్టినప్పటి నుంచీ వల లాగిన చెయ్యి.

తను వేయలేదని తేలిపోయింది కదా, గొడవ వదిలిపోతుందనుకున్నాను. అది నా అమాయకత్వం. తను వేయకపోతే మరెవరు వేశారన్న ప్రశ్న వచ్చి, పిల్లలు మరింత బెదిరారు. ఆ పిల్ల వెంట ఏదో వచ్చిందని చెప్పుకోవడం మొదలైంది.

సింహాలు ఇంటికి ఫోను చేసింది. మర్నాడే వాళ్లమ్మ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, మాట కటువు, కళ్లు మెత్తన.

"ఏటమ్మా, మా గుంట లచ్చిమిని బైటికి పంపీసినాదని అంతన్నారట? మాకీ సదువొద్దు, ఏటీ ఒద్దు. నా పిల్లని నాను తీసుకుపోతాను" అంది.

నేను బతిమాలాను. నిజంగానే చేతులు పట్టుకుని బతిమాలాను. ఇంకొక్క వారం ఆగమన్నాను. ఈసారి అందరి ఎదుటా పాదాలు నేనూ మీ పిల్లా వేస్తాం, ఆరేదాకా ఎవరూ కదలరు, అప్పుడు మళ్లీ అలా వస్తే మీ ఇష్టం అన్నాను. ఆవిడ కూతురి మొహం చూసింది. "సరే, లచ్చివారం నానే ఒస్తాను. మళ్లీ అలాగయితే పెట్టె సర్దీసుకుని ఎల్లిపోతాం" అంది.

ఆ వారమంతా రోజూ ఫినాయిలు వేసి వరండా కడిగించాను. పాత పిండి మరకలు పైకి తేలాయని ఎవరూ అనకుండా.

లక్ష్మివారం వచ్చింది. పిల్లలందర్నీ ముంగిట్లో వరసగా నిలబెట్టాను. సింహాలు వాళ్లమ్మ గేటు పక్కన రేకు పెట్టె మీద కూర్చుంది. అప్పటికే సర్దేసిన పెట్టె అది. లిప్సా ఒక్కతే లోపల ఉంది. ఆ పొద్దున్నే తనకు నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో పిల్లలు పూజ వైపు రారు. నాకు ఆ పద్ధతి నచ్చదు కానీ, కడుపునొప్పితో ముడుచుకున్న పిల్లను తెచ్చి ఎండలో నిలబెట్టలేను కదా. డార్మిటరీ చివరి మంచం మీద పడుకుంది.

పిండి నేనే కలిపాను. పూజగది దగ్గర మొదలుపెట్టి, నేనొక పాదం తనొక పాదం వేస్తూ వెనక్కి జరిగాం. గేటు దాకా వచ్చి లేచి నిలబడ్డాం. వరండా మీద నీళ్ల మెరుపు తప్ప ఏమీ లేదు. డార్మిటరీ తలుపు మా అందరి కళ్లెదుటే ఉంది. అందులోంచి ఎవరూ బయటికి రాలేదు.

ఎండ మెల్లగా వరండాలోకి వచ్చింది. పిండి ఆరడం పాల మీద మీగడ కట్టినట్టే ఉంటుంది. ఎప్పుడు మొదలైందో తెలియదు. ముందు మా వరస తేలింది, పూజగది వైపు తిరిగి. పిల్లలు హమ్మయ్య అనుకున్నారు. నేను కూడా.

తర్వాత డార్మిటరీ గుమ్మం దగ్గర ఒక తెల్లటి మచ్చ కనిపించింది. దాని ముందు చుక్కలు. తర్వాత ఇంకొకటి. మేం చూస్తుండగానే ఒక్కొక్కటే తేలుతూ మెట్ల దాకా వచ్చాయి, బుజ్జి పాదాలు, వేళ్లు మా వైపు పెట్టుకుని. ముంగిట్లో పిల్లలు ఒకరినొకరు పట్టుకుని వెనక్కి జరిగారు. గేటు దగ్గర సింహాలు వాళ్లమ్మ లేచి పెట్టె చేత్తో పట్టుకుంది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, భయపడ్డాను.

సింహాలుకు మాత్రం కోపం వచ్చింది.

"అవెక్కణ్నించొస్తన్నాయో సూసొస్తాను" అని, నేను ఆపేలోపే మెట్లెక్కి, పాదాల పక్కనుంచే నడుచుకుంటూ లోపలికి పోయింది.

లోపల కేకలు వినిపించాయి. ఒక్క నిమిషంలో లిప్సాను చెయ్యి పట్టి బరబరా ఈడ్చుకొచ్చింది. ఆ పిల్ల దుప్పటి చుట్టుకుని, ఒడియాలో తిడుతూ, కాళ్లు నేలకు తన్నిపెడుతూ వచ్చింది. సింహాలు దాన్ని మెట్లు దింపి మా మధ్య నిలబెట్టింది.

"ఈ పిల్లే దీదీ! దీని మంచం కాణ్నించే మొదలయినాయి. ఇదే ఏసి, మళ్లీ తొంగున్నాది!"

లిప్సా చేతులు తిప్పి చూపించింది. పొడిగా ఉన్నాయి. గోళ్లలో కూడా పిండి లేదు. నేను ఆ చేతుల్ని పట్టుకుని చూస్తుండగానే లోపల ఏదో కూలిన చప్పుడయింది. డార్మిటరీ తలుపులోంచి సున్నం దుమ్ము బయటికి పొంగింది.

దుమ్ము అణిగాక లోపలికి వెళ్లాను. చివరి మంచం మీద పైకప్పు పెచ్చు పడి ఉంది, ఫ్యానుతో సహా. మంచం ఇనప పట్టీ వంగిపోయింది. దిండు పెచ్చు కింద ఉంది. ఆ వేసవిలోనే ఆ కప్పుకు మరమ్మతు చేసి సున్నం వేశారు. అంతకుముందు రోజు కూడా ఆ గదిలో నిలబడి పైకి చూశాను. చిన్న బీట కూడా లేదు.

బయటికి వచ్చేసరికి లిప్సా సింహాలును కావలించుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. సింహాలుకు ఏం చేయాలో తెలియక, తిట్టిన నోటితోనే ఓదారుస్తోంది. సింహాలు వాళ్లమ్మ రేకు పెట్టె మోసుకుంటూ వచ్చి, వరండా మీద, ఆ పాదాలను తొక్కకుండా చూసి, కింద పెట్టింది.

"ఉండనీండమ్మా దీన్ని. ఈ ఇంట్లో పిల్లల్ని సూసుకోడానికి ఎవరో ఉన్నారు" అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని నేనూ ఏడ్చాను.

తర్వాత నా బుర్రకు తోచిన కారణాలన్నీ వెతికాను. గచ్చులో దిగిన పాత పిండి అనుకుందామంటే, మొదటి వరస గుమ్మానికి ఒక పక్క నుంచి వస్తే, రెండోది రెండో పక్క నుంచి వచ్చింది. ఎవరో తుంటరిగా ముందే వేశారంటే, కడిగిన నేలను నేనే చేత్తో తడిమి చూశాను. అంత చిన్న పిడికిలి ఎవరిదో ఇప్పటికీ తెలియదు. మా బళ్లో ఎప్పుడో ఏదో జరిగిందని కథ చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు, నేను వాకబు చేసినా. ఉద్యోగంలో నాకంటే పాతవాళ్లను కూడా అడిగాను.

సింహాలు పదో తరగతి దాటింది. ఇప్పుడు ఛత్రపురంలో నర్సింగు చదువుతోంది. ఆ తర్వాత ఎన్ని మార్గశిరాలు వచ్చినా ఆ బుజ్జి పాదాలు మళ్లీ కనబడలేదు.

నేను ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. క్లాసులో అదే చెబుతాను. కానీ లక్ష్మివారం ఝోటి వేశాక, ఆకలేస్తోంది దీదీ అని పిల్లలు ఎంత మొత్తుకున్నా, అందర్నీ ముంగిట్లోనే నిలబెడతాను. నొప్పితో పడుకున్న పిల్లను కూడా కుర్చీ వేసి బయటే కూర్చోబెడతాను. వరండా మొత్తం ఆరి, డార్మిటరీ గుమ్మం ముందు ఏమీ తేలలేదని చూసుకున్నాకే లోపలికి పంపుతాను.