గడపకు లోపలి సగం

దెబ్బలాడటానికి పెట్టుకున్న ప్రయాణం ఇది. ఉత్తరాన సముద్రం చూసి వస్తానని ఆఫీసులో చెప్పాను గానీ, నా సంచిలో ఇరవై మూడు ప్రశ్నలు రాసుకున్న కాగితం ఉంది.

రెండు వేల ఇరవై ఒకటి డిసెంబరు, శనివారం. కెమ్నిట్జ్‌లో ఉదయం ఆరున్నరకి లైప్‌జిగ్ బండి. ఆ ఏడు కూడా క్రిస్మస్ సంత రద్దు చేశారు. అప్పటికే నిలబెట్టిన కొయ్య దుకాణాలు దీపాలు లేకుండా, తలుపులు బిగించుకుని చౌరస్తాలో వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్యలోంచి స్టేషనుకు నడిచాను. నా బూట్ల చప్పుడు తప్ప మరేమీ లేదు.

బండి ఎక్కాలంటే టీకా పత్రం కావాలి, దాని మీది పేరు మనదేనని రుజువుకి పాస్‌పోర్టు కావాలి. కండక్టరు నా పేరును మూడు ముక్కలుగా విరిచి చదివాడు. సు, గూ, నా. నేను సరిదిద్దాను. ఈ పేరు పెట్టినవాళ్లు తొందరపడ్డారని మా ఆయన అంటూ ఉంటాడు. నేను ఇక్కడ ఒక కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇతరుల పనిలో తప్పులు పట్టినందుకు జీతమిస్తారు. ఇంట్లో ఉచితం.

ఇంతకీ ఎక్కడికి, ఎందుకు. మాది మెదక్ వైపు. మా అమ్మమ్మ పుట్టిన ఊళ్లో వెస్లియన్ మిషన్ బంగళా ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ ఉన్న దొర ఒక జర్మన్ నర్సమ్మను పెళ్లి చేసుకున్నాడు. బిడ్డ పుట్టాక ప్రసంగాలు మానేసి, తూర్పు ఆఫ్రికాలో అప్పుడు జర్మన్ల చేతిలో ఉన్న భూమి తీసుకుని కాఫీ రైతయ్యాడు. ఎవరి భూమి ఎవరిచ్చారన్నది వేరే గొడవ. అది నా కాగితంలో తొమ్మిదో ప్రశ్న. పోతూ పోతూ బిడ్డను ఎత్తుకోవడానికి మా అమ్మమ్మ అక్కను వెంట తీసుకుపోయాడు. ఆమెకు పదమూడేళ్లు, మా అమ్మమ్మకు ఎనిమిది. రెండేళ్లలో పంపిస్తానన్నాడట. మనిషే కాదు, ఉత్తరం కూడా రాలేదు.

మొదటి లాక్‌డౌన్‌లో ఇంటి నుంచే పని చేస్తూ, ఒక సాయంత్రం ఆ బంగళా ఫొటో కోసం నెట్‌లో వెతికాను. దొర వంశంవాళ్లు పెట్టుకున్న కుటుంబ చరిత్ర దొరికింది. ఆఫ్రికా పొలంలో వరండా మీద తీసిన ఫొటో. కింద అందరి పేర్లూ ఉన్నాయి, రెండు కుక్కలవీ గుర్రానిదీ కూడా. చివరన నిలబడ్డ పిల్ల కింద మాత్రం 'ఆయా' అని ఉంది. ఆ పిల్ల ముక్కు మా అమ్మ ముక్కే.

అక్కడున్న చిరునామాకు ఉత్తరం రాశాను. దొర మనవరాలు హెల్గా, ఎనభై నాలుగేళ్లావిడ, చేతిరాతతో జవాబిచ్చింది. శనివారం రమ్మంది. నాకు కావలసినవి రెండు: మా మనిషి ఏమైంది, కుక్కకిచ్చిన మర్యాద మా మనిషికెందుకు ఇవ్వలేదు.

లైప్‌జిగ్‌లో ఎనిమిదింపావుకి హాంబర్గ్ బండి. రానూపోనూ డెబ్బై ఆరు యూరోలు, మూడు వారాల ముందు కొంటే. పెట్టెలో పదిమంది లేరు. బెర్లిన్ దాటాక వెనక సీట్లోంచి ఒక అమ్మాయి లేచి వచ్చింది. కరీంనగర్ పిల్ల, కెమ్నిట్జ్‌లో మాస్టర్స్, హాంబర్గ్‌లో ఇంటర్న్‌షిప్ కోసం గది చూసుకోవడానికి వెళుతోంది.

"ఆంటీ, తెలుగేనా? ఇందాక కండక్టర్‌తోని మీరు గొడవ పెట్టుకుంటుంటేనే అనుకున్న."

గొడవ కాదు, పత్రం రెండుసార్లు ఎందుకు చూడాలని అడిగానంతే. నా పులిహోర, ఆమె చిప్స్ మాస్కులు దించి తొందర తొందరగా తిన్నాం. నా కథ విని, ఆ పోయినామె మీకేమైతదని అడిగింది. మా అమ్మమ్మకు అక్క అన్నాను.

"అయితే గట్టిగనే అడుగుండ్రి ఆంటీ. మర్యాదకు పోకుండ్రి," అంది.

పదకొండున్నరకి హాంబర్గ్. వాన, గాలి. ఆల్టోనా స్టేషన్లో కాఫీ తాగడానికి మళ్లీ పత్రం, మళ్లీ పాస్‌పోర్టు. పన్నెండు నలభైకి హైడే బండి. నగరం దాటిపోయాక నేల పూర్తిగా చదునైపోయింది. పొగమంచు ఎంత కిందికి దిగిందంటే, పొలాల్లో గొర్రెలకు కాళ్లు మాత్రమే కనిపించాయి. తరువాత అవి కూడా లేవు. రెండింటికి హైడేలో దిగాను. అక్కణ్ణించి హెల్గా ఉండే ఊళ్లోకి ఫోను చేస్తే వచ్చే చిన్న బస్సు ఉంది, ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. నేనొక్కదాన్నే ప్రయాణికురాలిని. డ్రైవరు ముసలాయన, ఏ ఇల్లని అడిగాడు. చెప్పాను. అద్దంలోంచి నన్నోసారి చూశాడు.

"శనివారం కదా. ముందు తలుపు తట్టకండి. వెనక నుంచి వెళ్లండి."

ఎందుకని అడిగితే, అక్కడ అంతే అన్నాడు.

నన్నెవరైనా వెనక తలుపు నుంచి రమ్మంటే ఒళ్లు మండుతుంది. మా తాతలు దొర బంగళాకి వెనక నుంచే వెళ్లారు. మూడింటికి బస్సు దిగి, కంచె తలుపు తోసుకుని, నేరుగా ముందు తలుపు తట్టాను. ఇటుక ఇల్లు, గడ్డి కప్పు, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. లోపల నేల దగ్గర, నా మోకాలి ఎత్తులో, ఒక గొంతు వినిపించింది.

"ఆగండి. ఇంకా పూర్తి కాలేదు."

ఏదో రాతిని గీరుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది. అయిదు నిమిషాలకి తలుపు తెరుచుకుంది. మాస్కు పెట్టుకున్న ముసలావిడ పొట్టి స్టూలు మీద కూర్చుని ఉంది, చేతిలో సుద్దముక్క. ఆవిడకూ నాకూ మధ్య నల్లరాతి గచ్చు మీద మెలికల ముగ్గు. ఏడు వరుసల చుక్కలు. సగం ముగ్గు. గీతలన్నీ గడప దాకా వచ్చి, కొనలు వదిలేసినట్టు ఆగిపోయాయి.

ఒక అడుగు వెనక్కి వేశాను. ఎందుకంటే, మిగతా సగం నేను చూశాను.

మా అమ్మమ్మ ప్రతి శనివారం చీకటి పడే ముందు గడపకు బయట సగం ముగ్గు వేసేది. సగమే. గీతలు గడప దగ్గర ఆపేసి, లోపలికి చూసి, "అక్కా, నీ వంతు" అనేది. లోపల ఎవరూ ఉండేవారు కాదు. చిన్నప్పుడు అక్క లోపల కూర్చుని, చెల్లెలు బయట కూర్చుని కలిపి వేసేవారట. చర్చి అయ్యగారు చూస్తే తిడతారని అమ్మమ్మ ఆదివారం తెల్లవారుతూనే కడిగేసేది. నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మమ్మ పోయింది. మా అమ్మ వేయలేదు. నేను జన్మలో ముగ్గుకు వంగలేదు.

హెల్గా నన్ను వెనక నుంచి రమ్మంది. వెళ్లాను. కాఫీ, గసగసాల కేకు పెట్టింది.

"మా అమ్మ నేర్పింది. మా అమ్మకు ఆయా నేర్పింది," అంది. "శనివారం ఇది దాటి ఎవరూ రాకూడదు. అవతలి సగం అదే సమయానికి ఎవరో వేస్తున్నారని ఆయా చెప్పేది. నా చిన్నప్పుడు ఆ తలుపంటే భయం."

దొర ఆఫ్రికాలో జ్వరంతో పోయాడు. యుద్ధం తరువాత పొలం పోయింది. నర్సమ్మ బిడ్డనూ ఆయానూ తీసుకుని ఈ ఇంటికి, తన పుట్టింటికి వచ్చేసింది. అంటే మా మనిషి ఆఫ్రికాలో పోలేదు. ఇక్కడ, నేనిప్పుడు కేకు తింటున్న ఇంట్లో, ముప్ఫై ఏళ్లకు పైగా బతికింది. అందులో పన్నెండేళ్లు, నాజీల పాలన మొదలైనప్పటి నుంచి రెండో యుద్ధం అయ్యేదాకా, ఇంటి గడప దాటలేదు. రంగు కనబడకూడదని పైగదిలో పెట్టారు. ఎవరైనా వస్తే పైన ఎవరూ లేరని చెప్పమని పిల్లలకు నేర్పారు.

"నేనూ చెప్పాను," అంది హెల్గా. "పైన ఎవరూ లేరు, పైన ఎవరూ లేరు. ఆమెకు వినిపించేది."

సమాధి ఎక్కడని అడిగాను. ఇక్కడ సమాధి చోటు కూడా గడువుకే ఇస్తారు. పాతికేళ్లు అయ్యాక రాయి తీసేశారట. రాయి మీద ఏముందన్నాను. ఆయా అని ఉంది అంది.

నా ఇరవై మూడు ప్రశ్నలూ గొంతు దాకా వచ్చాయి. కాగితం బయటికి తీశాను. సరిగ్గా అప్పుడే హెల్గా ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ కుటుంబ చరిత్రను వాళ్ల మేనల్లుడు పుస్తకంగా అచ్చు వేయిస్తున్నాడట, అవి ప్రూఫు కాగితాలు. 'ఆయా' అని ఉన్న చోటల్లా ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది.

"మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఇదొక్కటే అడగాలనుకుంటున్నాను," అంది. "ఆమె పేరేమిటి?"

నా కాగితం వైపు చూశాను. దాని మీద ఆ పేరు లేదు.

మా అమ్మమ్మ 'మా అక్క' అనేది. మా అమ్మ 'పెద్దమ్మ' అనేది. మేము 'దొరతో పోయిన అమ్మమ్మ' అనేవాళ్లం. అక్కను పేరు పెట్టి పిలిస్తే మా ఇళ్లలో మూతి పగులుతుంది. నూటపదేళ్లుగా మర్యాదగా పిలిచీ పిలిచీ పేరు పోగొట్టాం. రైల్లో ఆ పిల్ల కూడా అడగలేదు. అమ్మమ్మకు అక్క అంటే మనకు సరిపోతుంది.

"మీకు తెలియదా?" అంది హెల్గా. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, జవాబు చెప్పేదాన్ని.

తెలియదన్నాను. జర్మన్‌లోనే కాదు, ఏ భాషలోనూ ఆ మాట అంత తేలిగ్గా అనే మనిషిని కాను.

నాలుగయ్యింది, వెలుగు పోతోంది. ఆవిణ్ణి అడిగి సుద్దముక్క తీసుకుని వెనక నుంచి చుట్టూ తిరిగి ముందుకు వచ్చాను. తలుపు మూసి ఉంది. తడి రాయి మీద మోకాళ్లేసి కూర్చుని చుక్కలు పెట్టాను. నాకు రాదు. చెయ్యి మాత్రం ఎక్కడా ఆగలేదు. చివరి మెలిక గడపకు ఆనించాక, అనాలనుకోకుండానే అనేశాను.

"అక్కా, నీ వంతు."

తలుపు కింద సందులోంచి, రాతి మీద సుద్ద గీసిన చప్పుడు. ఒక్క గీత.

వంటింట్లోకి పరుగెత్తినంత పనిచేశాను. హెల్గా పొయ్యి దగ్గరే నిలబడి కెటిల్లోకి నీళ్లు పడుతోంది. పొట్టి స్టూలు గోడవార ఉంది. నేను ముందు తలుపు తీసి చూడలేదు.

ఆ రాత్రికి ఊళ్లోనే అతిథిగృహం, అల్పాహారంతో యాభై ఎనిమిది యూరోలు. మళ్లీ పత్రం, పాస్‌పోర్టు, ఫారంలో పేరు. ఆదివారం తొమ్మిదింటికి బస్సు. వెళ్లేముందు హెల్గా దగ్గర ఆగాను. రెండు వైపులా రాళ్లు కడిగి ఉన్నాయి. పుస్తకంలో ఏం రాయమంటారని అడిగింది. ప్రస్తుతానికి ఖాళీ వదిలి ఏడు చుక్కలు పెట్టమన్నాను.

హాంబర్గ్‌లో బండి ఎక్కాక జహీరాబాదులో ఉన్న మా చిన్నమ్మకు ఫోను చేశాను. అమ్మమ్మ పిల్లల్లో మిగిలింది ఆమే.

"పెద్దమ్మనే అనుకుంటిమి గదనే. పేరెవరు అడిగిండ్రు?" అంది. అమ్మమ్మ ఊరి చర్చిలో పాత బాప్తిస్మం పుస్తకం ఉందట, చెదలు తినంగ మిగిలింది. రేపు పోయి అయ్యగారిని అడుగుతానంది.

లైప్‌జిగ్ ఇంకా అరగంట ఉందనగా కండక్టరు వచ్చాడు. రెండు రోజుల్లో నా పేరు అడిగినవాళ్లలో తొమ్మిదో మనిషి. పాస్‌పోర్టు వెలుగుకు పట్టుకుని చదివాడు. సు, గూ, నా.

ఈసారి సరిదిద్దలేదు. విరిచి అయినా పలికాడు.