కదలని గుండు

తాపీ మేస్త్రి ఏ ఇంటికెళ్లినా ముందు గోడల్ని పలకరిస్తాడు, తర్వాతే మనుషుల్ని. వేలి కణుపులతో రెండు చోట్ల తట్టి, చెవి ఆనించి, పెదవి విరిచాక గానీ కూర్చోడు. కూర్చునే కుర్చీని కూడా ఓసారి ఊపి చూస్తాడు. తాను కట్టని గోడకి వీపు ఆనించడు. జేబులో కళ్లజోడు పెట్టుకోవడం మరిచిపోతాడేమో గానీ, గోడ నిలువు చూసే ఇత్తడి గుండు మాత్రం దారం చుట్టుకుని ఎప్పుడూ ఉంటుంది.

కూతురు ముప్పయ్యో అంతస్తులో కాపురం పెట్టాక మొదటిసారి చూడ్డానికొచ్చాడు. మామగారి బెరుకు పోగొడదామని అల్లుడు లోకంలోని వింతలన్నీ విప్పాడు. "ఈఫిల్ టవర్ ఎండాకాలంలో ఇంచుమించు జానెడు పొడుగవుతుంది మావయ్యా. చలికి మళ్లీ తగ్గుతుంది." "కొలిచిన టేపు కూడా ఇనుపదేనా?" అన్నాడు మేస్త్రి. "ఎత్తు బిల్డింగులు గాలికి కొంచెం ఊగాలి. ఊగేలాగే కడతారు. బిగుసుకుపోతేనే ప్రమాదం," అన్నాడు అల్లుడు. మేస్త్రి అల్లుడి మొహాన్ని కూడా గోడని చూసినట్టే చూశాడు. ఫ్యాన్ ఆపించి, కిటికీలు మూయించి, స్టూలెక్కి పైకప్పు కొక్కేనికి గుండు వేలాడదీశాడు. బయట గాలి ఈల వేస్తోంది. ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. గుండు కదల్లేదు. "చూడు నాన్నా, ఎంత గట్టిగా ఉందో," అంది కూతురు సంబరంగా. మేస్త్రి దారం చుట్టి గుండుని జేబులో వేసుకున్నాడు. అల్లుడికి వినపడకుండా కూతురి దగ్గరికి జరిగాడు.

"ఊగాలన్నాడు కదే మీ ఆయన. ఇది ఊగట్లేదు. బట్టలు సర్దుకో."