బటన్ నొక్కితే వచ్చిన పేరు

దయ్యాల మాటెత్తితే నవ్వేసే మనిషిని నేను. వెబ్ పేజీలు తయారు చెయ్యడం నేర్చుకోవడం మొదలుపెట్టాక ఆ ధీమా ఇంకా పెరిగింది. మనం రాసిందే బ్రౌజర్ చేస్తుంది, రాయనిది చెయ్యదు. తప్పు వచ్చిందంటే అది మన తప్పే. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది.

మేం పుంగనూరులో అద్దెకుంటాం. మా ఆయనకు పలమనేరులో ఉద్యోగం. నేను పొద్దున బస్సులో మదనపల్లె వెళ్ళి క్లాసు విని, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి ప్రాక్టీసు చేసేదాన్ని. ఇంట్లో తోడుగా మా అత్త రుక్మిణమ్మ ఉండేది. ఆమెకు షుగరు. మామ నా పెళ్ళికి ముందే పోయారు. ఆయన్ని నేను ఫోటోలో తప్ప చూడలేదు.

ఆ రోజు జావాస్క్రిప్ట్ మొదటి పాఠం. పేజీలో ఒక బటన్, అది నొక్కితే కింద ‘నమస్కారం’ అని కనపడాలి. అంతే. నా ల్యాప్‌టాప్‌లో తెలుగు టైపింగ్ కూడా లేదు. ఆ ఒక్క మాటనూ సారు ఇచ్చిన ఫైలులోంచి తెచ్చి అతికించుకున్నాను. ఇంట్లో నెట్ పనిచెయ్యడం లేదు. ఇలాంటి పేజీకి నెట్‌తో పనే లేదు, అంతా బ్రౌజర్‌లోనే జరిగిపోతుంది.

రెండు మూడుసార్లు నొక్కి చూశాను, సరిగ్గానే వచ్చింది. బటన్ రంగు మార్చి మళ్ళీ నొక్కితే, నమస్కారం రావలసిన చోట ‘రుక్కూ, లెయ్’ అని వచ్చింది.

భయం వెయ్యలేదు. ఎక్కడ తప్పు చేశానా అని కోడ్ మొదటి నుంచి చదివాను. ఆ మాట ఎక్కడా లేదు. రుక్కు ఎవరబ్బా అనుకుంటుంటే అత్త పేరు తట్టింది. నడిమి గదిలో పడుకుని ఉంది కదా, ఒకసారి చూద్దామని లేచాను.

పిలిస్తే పలకలేదు. ఒళ్ళంతా చెమట. షుగరు మాత్ర వేసుకుని అన్నం తినకుండానే పడుకుందని తర్వాత తెలిసింది. పక్కింటివాళ్ళ సాయంతో ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గ్లూకోజ్ ఎక్కించాక కళ్ళు తెరిచింది. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది.

తర్వాత క్లాసుకు వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ సారు ముందు పెట్టాను. ఆయన ఫైలంతా వెతికారు. ఇంకేదైనా ప్రోగ్రాం అడ్డుపడిందేమోనని కూడా చూశారు.

“ఆ మాట దీంట్లో యాడా లేదమ్మా. రాయంది ఎట్ల వస్తాది?” అన్నారు.

అత్త కోలుకున్నాక ఆమెకూ చెప్పాను.

“మీ మామ ఒక్కరే అట్ల పిలుస్తా ఉండిరి. అదీ ఎవురూ లేనప్పుడు” అంది. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, ఎక్కడ నొక్కాలో చూపించమంది. చూపించాను. నొక్కింది. నమస్కారం. మళ్ళీ నొక్కింది. నమస్కారమే.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా వెబ్ పేజీలు తయారు చెయ్యడమే. ఎంత చిక్కు తప్పునైనా పట్టుకోగలనన్న నమ్మకం ఉంది. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

ఆ పేజీని చెరపలేదు. అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట అత్త అడిగితే తెరిచి ఇస్తాను. బటన్ నొక్కుతుంది, నమస్కారం వస్తుంది. “ఈ పొద్దు అన్నం తినేసినాలే” అని దానికి చెప్పి, లేచి వెళ్ళి పడుకుంటుంది.